అడిగి తెలిసికొన్న మాటకు ఋణము కలదా?

కోలారు బంగారు గనుల పుట్టుకను గూర్చి మన ఇండ్లలో చెప్పుకొను కథలు పెక్కు. వానిలో గ్రంథస్థమైన కథ యొకటి మిక్కిలి ఆలోచింపదగినది. 1871లో మైకేల్ ఫిట్జెరాల్డ్ లవెల్ అను ఐరిష్ సైనికుడు, న్యూజీలండు యుద్ధములలో పనిచేసి కొలువు విరమించినవాడు, బెంగుళూరు దండులో నివసించుచుండెను. జాన్ వారెన్ అను సర్వే ఉద్యోగి వ్రాసిన పాత నివేదిక యొకటి అతనికి అచ్చులో కనబడెను. అప్పటికే అది అరువదేండ్లు దాటిన కాగితము. దానిని చదివి అతడు ఎద్దుబండి కట్టించుకొని సుమారు 60 మైళ్లు ప్రయాణము చేసి కోలారు ప్రాంతమునకు వచ్చెను, నేలను పరీక్షించెను, 1873లో మైసూరు ప్రభుత్వమునకు అర్జీ పెట్టుకొనెను, 1875లో త్రవ్వుటకు అనుమతి పొందెను. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు ప్రవేశించుట, మైసూరు, చాంపియన్ రీఫు, ఊరిగాము, నందిదుర్గము గనులు లోతునకు దిగుట, తుదకు 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడుట మనమెరిగినవే. ఈ కాలములో ఈ నేల కడుపునుండి వెలువడిన బంగారము సుమారు 800 టన్నులని లెక్క.

ఆ నివేదికలోని విషయము వారెనుకు ఎట్లు తెలిసినది? 1802లో అతడు మైసూరు రాజ్యపు తూర్పు సరిహద్దును గుర్తించు పనిమీద ఇటు వచ్చెను. ఎర్రకొండ చుట్టుపట్ల నేలలో బంగారమున్నదని జనులనుకొను మాట అతని చెవిని బడెను. చూపినవారికి బహుమాన మిత్తునని అతడు చాటించెను. పల్లెవారు బండ్లతో మన్ను తెచ్చి, అతని యెదుటనే కడిగి, అడుగున మిగిలిన పసిడి రజనును చూపిరి. ఆ మన్ను కడుగు నేర్పు అతని చదువులోనిది కాదు. ఇచటి పల్లె స్త్రీల చేతులలోనిది. అతడు అడిగెను, వారు చూపిరి, అతడు వ్రాసికొనెను.

ఇందులో తప్పేమున్నది? ఎవ్వరును మారువేషము వేయలేదు. గోడకు చెవి యొగ్గి వినలేదు. లంచమిచ్చి రహస్యము లాగలేదు. పట్టపగలు, పదిమంది యెదుట జరిగిన పని. అయినను వారెను పేరు మనకు మిగిలినది, లవెలు పేరు మిగిలినది. మన్ను కడిగినవారి పేరొక్కటియు మనకు దక్కలేదు. బహిరంగముగా అడిగి, బహిరంగముగా చెప్పించుకొన్న మాటకు ఋణమేమైన కలదా, లేక అది త్రోవలో దొరికిన పువ్వువలె ఎవరు తీసికొన్న వారిదేనా? ఈ ప్రశ్నను ఈ సంచిక చదువరుల ముందుంచుటయే మా ఉద్దేశము.

పరరాజ్యముల సంగతి తెలిసికొనుటకు ప్రభుత్వములకు రెండు మార్గములున్నవని మన పెద్దలెరుగుదురు. ఒకటి వేగు, రెండవది రాయబారము. కౌటిల్యుని అర్థశాస్త్రము గూఢపురుషులకొక ప్రకరణమును, దూతకొక ప్రకరణమును వేర్వేరుగా కేటాయించినది. శతాబ్దములుగా కనుమరుగైన ఆ గ్రంథమును వెలికితెచ్చినది మన మైసూరు ప్రాచ్య గ్రంథాలయమే. రుద్రపట్నము శామశాస్త్రిగారు దానిని 1909లో ప్రకటించిరి. అందు దూత తన పేరుతో, తన ప్రభువు పేరుతో బహిరంగముగా వెళ్లువాడు. అయినను దారిలో కోటలను, సేనలను, పంటలను, ప్రజల తీరును కనిపెట్టవలెను. మాటాడుటకు వీలులేనిచోట దేవాలయములయందు, తీర్థములయందు కనబడు గుర్తులను బట్టియైనను విషయము గ్రహింపవలెను. ముగ్గురు వేర్వేరుగా చెప్పిన మాట ఒక్కటియైనప్పుడే దానిని నమ్మవలెనని చారుల విషయమున ఆ శాస్త్రమే విధించినది. కనుక తెరచిన కన్నులతో చూచి, తెరచిన చెవులతో విని, అన్నిటిని సరిపోల్చి కూర్చుకొనుట రాజనీతికి క్రొత్త కాదు. దీనినే నేడు బహిరంగ సమాచార సేకరణమని వ్యవహరించుచున్నారు.

ఈ సేకరణము ఒక పెద్ద ఏర్పాటుగా మన కోలారు సీమలో ఎట్లు నడచినదో చూతము. 1799 మే నెలలో శ్రీరంగపట్టణము పడిపోయి టిప్పు సుల్తాను మరణించెను. మైసూరు రాజ్యము బాలుడైన కృష్ణరాజ ఒడయరు పేర, పూర్ణయ్య దివానుగిరిలో మరల ఏర్పడెను. కంపెనీ పెత్తన మెంత యున్నను అది వేరొక రాజ్యమే. ఆ రాజ్యమున ఏమున్నదో తెలిసికొనవలెనని కంపెనీవారు సంకల్పించిరి. గవర్నరు జనరలు వెల్లస్లీ 1800లో ఫ్రాన్సిస్ బుకానన్ అను వైద్యుని పంపుచు, వ్యవసాయము, పశువులు, ప్రత్తి, ఖనిజములు, చేతిపనులు, ప్రజల స్థితి అను విషయములను గూర్చి ఏమేమి విచారింపవలెనో ముందే వ్రాతమూలకముగా ఇచ్చెను. బుకానన్ మద్రాసునుండి బయలుదేరి బేతమంగలము మీదుగా వచ్చెను. తరువాత కోలారు, శిడ్లఘట్ట ప్రాంతములు తిరిగెను. రైతును, నేతగానిని, కమ్మరిని దుబాసీ మూలకముగా ప్రశ్నించి వ్రాసికొనెను. ఆ దినచర్య 1807లో మూడు సంపుటములుగా వెలువడినది.

ఇంతకు మించినది కర్నలు కాలిన్ మెకంజీ నడపిన మైసూరు సర్వే. నేలను కొలుచుట ఒక వంతు. గ్రామ చరిత్రలు, శాసనముల ప్రతులు, తాటాకు గ్రంథములు, వంశావళులు సేకరించుట రెండవ వంతు. ఈ రెండవ వంతును నడపినవారు మన తెలుగువారు. ఏలూరికి చెందిన కావలి వెంకట బొర్రయ్య, అతని తమ్ములు లక్ష్మయ్య, రామస్వామి అనువారు మెకంజీ కొలువున ఉండిరి. పెక్కు భాషలు తెలిసిన పండితులు, లేఖకులు వారితో పనిచేసిరి. ఏ ఊరికి ఎవరు పోవలెను, అచట ఎవరిని కలియవలెను, ఏమి అడుగవలెను అనునవి ముందుగా నిర్ణయించుకొని, ప్రయాణపు సంగతులు జాబుల రూపమున పైవారికి పంపుచుండెడివారు. గ్రామ కరణము, దేవళపు అర్చకుడు, పాలెగాని వంశస్థుడు తమ యొద్దనున్న కవిలెకట్టలను విప్పి చూపవలెనన్న, ఎదుటివాని మాటతీరు నమ్మదగినదై యుండవలెను. ఆ నమ్మకము దొర తెచ్చినది కాదు, బొర్రయ్య తెచ్చినది. భారతీయ విద్యల వాకిలి తనకు బొర్రయ్య మూలముననే తెరువబడినదని మెకంజీ 1817లో వ్రాసిన జాబులో ఒప్పుకొనెను. అప్పటికి బొర్రయ్య లేడు; 1803లో, ముప్పదేండ్లైన నిండకయే గతించెను.

ఇచట ఆగి బొర్రయ్య స్థితిని ఒకింత తలపోయుదము. అతడు పల్లెలో అడుగుపెట్టినప్పుడు, ఈ విచారణ యంతయు మాన్యములు లాగుకొనుటకో పన్ను పెంచుటకో అను శంక పల్లెవారికి కలుగుట సహజము. వారికి అతడు తమవాడు; తమ భాష మాటాడును, తమ మర్యాద లెరుగును. తనను పంపినవారికి మాత్రము అతడు ఒక కొలువుకాడు. ఈ ఇద్దరి నడుమ నిలిచి, ఇటు అబద్ధమాడక, అటు పని చెడగొట్టక నడచుట కత్తిమీది సాము. గూఢచారికి ఈ చిక్కు లేదు. వాడు మొదటనే అబద్ధమునకు సిద్ధపడినవాడు. బహిరంగముగా అడుగువానికే ధర్మసంకటము ఎక్కువ. అతని పెట్టుబడి ఎదుటివారి నమ్మకము. అది తన సొత్తు కాదు, వారు నిలువయుంచిన సొత్తు.

బొర్రయ్య పోయిన పిమ్మట ఆ పనిభారమును లక్ష్మయ్య మోసెను. 1821లో మెకంజీ మరణించెను. అతని సేకరణము కంపెనీ సొత్తయ్యెను. 1828లో విల్సను పండితుడు దాని పట్టికను అచ్చువేయించెను. 1830ల దశకములో లక్ష్మయ్య, మిగిలిన పనిని తాను కొనసాగింతునని దొరతనమువారిని వేడెను. కలకత్తా ఏషియాటిక్ సొసైటీ అభిప్రాయ మడుగగా, సేకరించినదానిని తూచి సారము తీయగల పెద్ద బుద్ధి దీనికి కావలెనని, అట్టి పనికి అతడు చాలడని సమాధానము వచ్చినది. ముప్పదేండ్లు ఊరూర తిరిగి, ఏ కైఫీయతు నిజమో ఏది కల్పనయో చేతిస్పర్శతో చెప్పగలవానికి దొరకిన తీర్పిది. తెచ్చుటకు నీవు తగుదువు, తెలిసికొనుటకు తగవు అనుటయే దాని భావము.

ఈ తీర్పు ఒక మనుష్యునికి జరిగిన అన్యాయము మాత్రమే కాదని మా తలంపు. ఎన్ని తావులలో ఎందరు పనిచేసినను, పరదేశ సమాచార సేకరణమునకు రెండు విధములైన మనుష్యులు కావలయును: ఏమి అడుగవలెనో నిర్ణయించువారు, చెప్పినదాని అర్థమెరిగినవారు. రెండవవారు లేక మొదటివారి ప్రశ్నలు గాలిలోని బాణములు. కాని జీతము, పదవి, కీర్తి మొదటివారికే చేరుట లోకాచారమైనది. అర్థమెరిగినవానిని మోతగానిగా చూచిన ప్రభుత్వము తుదకు అర్థమునే పోగొట్టుకొనును.

దీనికి మారుగా ఒక ఉదాహరణము పడమటి దేశమునుండి చూపవచ్చును. 1939లో యుద్ధము వచ్చినప్పుడు ఇంగ్లండులో బీబీసీవారు పరదేశ రేడియోలను విని వ్రాసికొను శాఖను నెలకొల్పిరి. ఆ పనికి శత్రుదేశపు భాష పుట్టుకతో వచ్చినవారు కావలసివచ్చిరి. దేశమునుండి తరుమబడి వచ్చిన కాందిశీకులు పెక్కుమంది అందు చేరిరి. వారిలో వియన్నా నగరమునుండి వచ్చిన ఎర్నెస్టు గోంబ్రిచ్ అను కళాచరిత్రకారుడొకడు. 1945లో జర్మను రేడియో ముఖ్యవార్త రానున్నదని చెప్పి బ్రూక్నరు రచించిన విషాద సంగీతమును వినిపించగా, హిట్లరు మరణవార్త రాబోవుచున్నదని అతడు ముందే ఊహించెను. ఆ సంగీతమును లోకమంతయు వినినది. వినినదానిని గ్రహించినవాడు ఆ సంస్కృతిలో పెరిగినవాడు. అమెరికాలో 1941లో ఇట్టి శ్రవణశాఖయే ఏర్పడినది. తటస్థ దేశముల నగరములలో శత్రుదేశపు పత్రికలను, గ్రంథములను కొని పంపు ఏర్పాటును సాగినది. ఆ శ్రవణశాఖ స్థానమున 2005లో బహిరంగ సమాచార కేంద్రమును స్థాపించిరి.

కొందరిట్లనవచ్చును: ప్రభుత్వములు చీకటిలో తడవులాడుటకంటె వెలుగులో చూచుట మేలు కదా; పొరుగుదేశపు ప్రజల మాటను సరిగా వినినచో ఎన్నో యుద్ధములు తప్పును కదా; ప్రతి మాటకును ఋణపత్రము వ్రాయవలెనన్న లోకవ్యవహారము సాగునా? ఈ ఆక్షేపణలో బలమున్నది. మేమును వేగుకంటె బహిరంగ విచారణమే మేలందుము. వార్తాపత్రికలో అచ్చైన మాట లోకమునకంతకును చెప్పిన మాట. దానిని చదివినవాడు ఎవ్వరికిని బాకీ పడడు. మెకంజీ సేకరణమే లేకున్న మన గ్రామముల పూర్వచరిత్ర ఎంత నశించియుండెడిదో! సీ.పీ. బ్రౌనుదొర శిథిలమగుచున్న ఆ కైఫీయతులకు మరల ప్రతులు వ్రాయించుటచేతనే నేడు తెలుగు చరిత్రకారులు వానిని చదువగలుగుచున్నారు. అట్లే 1962లో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమువారు ఢిల్లీలో కార్యాలయము తెరచి, గోధుమలు అమ్మగా మన దేశములో నిలువయున్న రూపాయలతో ఇచటి భాషల గ్రంథములను కొని, తమ విశ్వవిద్యాలయములకు పంపిరి. అందు తెలుగు గ్రంథములును కలవు. కొన్నవారు వెల యిచ్చిరి; గ్రంథకర్త పేరు అట్టమీదనే నిలిచినది; చదువదలచినవారికి తలుపు తెరచియుండినది. అడుగుటయే దోషమని మేమనలేము.

మరి దోషమెచట? వారెను పల్లెవారిని మోసగించెనా? లేదు. తన మాట 1871లో ఒక సైనికుని చేతబడునని అతడు కలనైన ఎరుగడు. అడిగిననాడు ఎరుగని ఫలమును ముందుగా చెప్పుట ఎవరి తరము? కనుక ఆ ఋణము అడిగిన క్షణముననే తీర్పవలసినది కాదు. విత్తనము అప్పు తెచ్చుకొన్న రైతు పంట చేతికి వచ్చినప్పుడు బదులు తీర్చును. మాట కూడ అట్టిదే. బహిరంగముగా అడిగి తెచ్చుకొన్న మాటకు ఋణము అది ఫలించిననాడు పుట్టును. ఆ ఫలము ఎవరి చేతనున్నదో వారే ఋణస్థులు. అడిగినవాడు గతించియుండవచ్చును, చెప్పినవాడు గతించియుండవచ్చును. ఋణము మాత్రము ఫలమును వెంబడించి పోవును.

ఈ నిర్ణయమును అంగీకరించినచో మన వేలు కంపెనీవారి వైపు చూపి ఊరకుండుటకు వీలులేదు. గనులకు ముందునుండియు ఈ జిల్లాలో తెలుగు పల్లె లున్నవి; అది వేరు. కాని చిత్తూరు సీమనుండియు, ఉత్తర ఆర్కాటునుండియు పనికై వచ్చి మారికుప్పములోను, రాబర్టుసన్‌పేటలోను, ఆండర్సన్‌పేటలోను నిలిచిన కుటుంబములవారము ఎవరి కాగితమువలన వచ్చితిమి? ఆ కాగితము ఎవరి చేతి మన్నువలన పుట్టినది? గనిలో దిగినవారికి దక్కినది కూలియే, దానితో కూడ రాతిధూళి తెచ్చిన ఊపిరితిత్తుల జబ్బును దక్కినది, నిజమే. అయినను ఆ కూలితోనే పిల్లలు చదివిరి, ఇండ్లు నిలిచినవి. పేరులేని ఆ మన్ను కడిగిన స్త్రీలకు మనమును కొంత బాకీ పడియున్నాము. ఫలమును ఎక్కువగా తిన్నవాని బాకీ ఎక్కువ. తక్కువ తిన్నవాని బాకీ తక్కువ. ఏమియు లేదనుట మాత్రము చెల్లదు.

ఆ బాకీ తీర్చుటెట్లు? మూడు విధములు మాకు తోచుచున్నవి. అడుగువాడు తనను పంపినది ఎవరో, తనకు తెలిసినంతవరకు ఎందులకో దాపరికము లేక చెప్పుట మొదటిది. చెప్పినవాడు కోరినచో అతని పేరు వ్రాయుట, కోరనిచో దాచుట రెండవది. ఒక్కొక్కప్పుడు పేరు గౌరవము, ఒక్కొక్కప్పుడు అపాయము. కూర్చినదాని ఫలమును చెప్పినవారి వాకిటికి మరల చేర్చుట మూడవది. బ్రౌనుదొర ప్రతులు కొంతవరకు ఈ మూడవ పనిని చేసినవి. లక్ష్మయ్యకు జరిగినది చూడగా, వీనికి తోడు మరియొకటి చేర్చవలసియున్నది: తెచ్చినవానికి తెలిసికొను పంక్తిలో కూడ పీట వేయవలయును.

ఇది పాతకథ మాత్రమే కాదు. మన ఇండ్లలోని పిల్లలు తెలుగు, కన్నడము, తమిళము, ఇంగ్లీషు అను నాలుగు భాషలను వీధిలోనే నేర్చుకొనుచున్నారు. ఇంట నొక భాష, బడిలో నొకటి, సంతలో నొకటి. ఇట్టివారినే పరదేశముల కార్యాలయములు వెదకును. ఒకనాడు మన పిల్లడో పిల్లయో ఏ దూరదేశములోనో కూర్చుండి, ఇచటి పత్రికలను, ఇచటివారు బహిరంగముగా మాటాడుకొను మాటలను చదివి, అర్థము చెప్పు కొలువులో చేరవచ్చును. ఆ కొలువు తప్పని మేము చెప్పము. కాని ఆ బల్లముందు కూర్చున్నప్పుడు బొర్రయ్యను తలచుకొనవలెనని చెప్పుదుము. పైవారికి నచ్చునట్లు మాటను వంచక, ఉన్నది ఉన్నట్లు చెప్పుట అచట మొదటి ధర్మము. తన ఊరివాడు కోపముతో అన్న మాటను శత్రుత్వముగా, వేళాకోళమును కుట్రగా అనువదించినచో, దాని ఫలమును అనుభవించువారు దూరమున ఉన్న అమాయకులు. ఒక మాటకు ముగ్గురి సాక్ష్యము కావలెనన్న ప్రాచీన నియమము యంత్రములు క్షణములో అనువాదము చేయుచున్న ఈనాడు మరింత అవసరము. యంత్రము పదమును మార్చును. ఆ పదము వెనుకనున్న ఊరిని అది ఎరుగదు.

మరియొక మాట. గనులు మూతపడిన పిమ్మట మన పేటలకు ప్రశ్నల కాగితములు పట్టుకొని వచ్చినవారు తక్కువ కారు. పెద్దలు కూర్చుండబెట్టి కాఫీ యిచ్చి, షాఫ్టులో దిగిన దినములు, గనిలో రాయి పగిలిన రాత్రులు, సైనైడు దిబ్బల ధూళి అన్నియు చెప్పుదురు. చెప్పుట మంచిదే. కాని చెప్పుటకు ముందు, అయ్యా, మీరెవరి పక్షమున వచ్చితిరి, ఇది ఎచటికి పోవును, మాకొక ప్రతి పంపెదరా అని అడుగుట అమర్యాద కాదు. అడుగు హక్కు వారికున్నంత మనకును ఉన్నది. మనము అడుగువారమైనప్పుడు కూడ ఈ నియమమే వర్తించును. మన సంఘములవారు ఇంటింటి చరిత్రలు సేకరించి అచ్చువేసినప్పుడు, చెప్పిన అవ్వ పేరు వ్రాయుచున్నామా? ఆ సంచిక యొక ప్రతి ఆమె చేతికి అందుచున్నదా? ఆమెకు అక్షరములు రానిచో ఎవరైన చదివి వినిపించుచున్నారా?

1802లో ఎర్రకొండ క్రింద ఎవ్వరో ఒక స్త్రీ వంగి, బుట్టలో మన్ను కడిగి, అడుగున మెరసిన రజనును ఒక పరదేశికి చూపినది. ఆమె పేరు మనకిక తెలియదు. ఆ బాకీ పూర్తిగా తీరదు. ఈ సంవత్సరము మనకు తన కథ చెప్పబోవు అవ్వ పేరు మాత్రము మనకు తెలియును. దానిని వ్రాయుదము.